దొర్సాఫ్ ఎముకలో మూలుగ

నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. మా ఆయన బతికుండగా, "నీ కాళ్ళకి చక్రాలున్నాయే దూజా" అని వేళాకోళం చేసేవాడు. ఆ వసంతంలో మాత్రం నా కాళ్ళ కింద నిప్పులే ఉన్నాయి. మా ఇంటికీ పక్కింటి వస్సీలా ఇంటికీ మధ్య గోడలో చిన్న తలుపుంది. ఆ తలుపు దాటి అటు వెళ్ళేదాన్ని, గస్సాన్ పడుకున్నాడో లేచాడో చూసేదాన్ని, ఇటు వచ్చేసరికి పొయ్యి మీద ఏదో ఒకటి మాడుతుండేది. తిట్టుకుంటూ దించి మళ్ళీ అటు పరిగెత్తేదాన్ని.

గస్సాన్ వస్సీలా కొడుకు. నేను కనలేదు గానీ పాలిచ్చాను. వాడు పుట్టిన వారానికే వస్సీలా జ్వరంతో ఆస్పత్రి పాలైంది. నా కూతురు ఎమ్నా కూడా అప్పటికి పొత్తిళ్ళలోనే ఉంది. దాన్నొక పక్క, వీణ్ణొక పక్క వేసుకుని ఇద్దరికీ పట్టాను. మా బేజా ఊళ్ళో అలా ఒకే తల్లి పాలు తాగిన పిల్లలు అన్నాచెల్లెళ్ళ కిందే లెక్క. పెద్దయ్యాక పెళ్ళి చేసుకుంటామన్నా ఎవరూ ఒప్పుకోరు. వాడు వస్సీలాని 'అమ్మా' అంటాడు, నన్ను 'దూజా అమ్మా' అంటాడు. వాడి విషయంలో మా ఇద్దరికీ అంతకుమించి తేడా లేదు.

వాడికి జబ్బు రక్తంలోనే ఉంది. గుండ్రంగా ఉండాల్సిన రక్తకణాలు కొడవలిలా వంగిపోతాయట. గోధుమ కోసి బతికే ఊరు మాది, కొడవలి ఎలా ఉంటుందో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అవి సన్నటి నరాల్లో ఇరుక్కున్నప్పుడల్లా వాడు మోకాళ్ళు పట్టుకుని కేకలు పెట్టేవాడు. ఆ చలికాలం ఊపిరితిత్తుల్లో కూడా ఇరుక్కున్నాయి. ట్యూనిస్‌ ఆస్పత్రిలో రౌదా డాక్టరమ్మ మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి ఉన్నమాట చెప్పేసింది.

"ఇంకోసారి ఇలా వస్తే నేను మాటివ్వలేనమ్మా. వీడికి ఇంకొకరి మూలుగ ఎక్కించాలి. రక్తం పుట్టేది ఎముక లోపలి మూలుగలోనే. మంచి మూలుగ కుదురుకుంటే మంచి రక్తం పుడుతుంది. అది తోడబుట్టినవాళ్ళ దగ్గరే దొరికే అవకాశం ఎక్కువ."

తోడబుట్టింది ఒక్కతే ఉంది. దొర్సాఫ్, ఏడేళ్ళది. ముందు పళ్ళు రెండూ ఊడి, మాట్లాడితే ఈలేసినట్టు ఉంటుంది.

ఆ వారంలోనే మా ఎమ్నా బడి నుంచి ఎగురుకుంటూ వచ్చింది. బెషీర్ మాస్టారు వాళ్ళకి మైక్రోస్కోపులో ఉల్లిపొర చూపించాడట.

"గదులమ్మా! గోడ కట్టినట్టు గది పక్కన గది. కణాలంటారట. మన ఒళ్ళంతా అవేనట. మనం తిన్నదీ తాగిందీ అంతా వాటికే పోతుందట, దాంతోనే అవి కొత్త కణాల్ని కట్టుకుంటాయట."

"సరేలే, చేతులు కడుక్కో."

కడుక్కోలేదు. అలాగే నిలబడి ఆలోచించింది. "అయితే నన్నూ గస్సాన్నీ కట్టింది నీ పాలే కదా?"

"ఆఁ, కాక?"

"మరింకేంటమ్మా! నాది సరిపోతుంది వాడికి. ఇద్దరం ఒకే సరుకుతో కట్టిన ఇళ్ళం!"

నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నాకది నిజమే అనిపించింది. ఇన్నేళ్ళూ పాలిచ్చిన బంధం గురించి పెద్దలు చెప్పిందీ, ఇప్పుడు మాస్టారు చెప్పిందీ ఒక్కటే కదా! వస్సీలాకి చెప్తే ఆవిడ నన్ను కావలించుకుని ఏడ్చింది. ఇద్దరు పిల్లల్లో ఎవరో ఒకరిది కుదరకపోతుందా అని ఆ రోజు ఇద్దరం కడుపునిండా తిన్నాం.

ఆస్పత్రిలో దొర్సాఫ్ కంటే ముందు ఎమ్నాయే చొక్కా చెయ్యి పైకి మడిచి నిలబడింది. డాక్టరమ్మ సంగతి విని నవ్వలేదు, అందుకు ఆవిడంటే నాకు గౌరవం.

"మీ ఇద్దరి ఇళ్ళకీ పిండి ఒకే మరలోంచి వస్తుంది కదా? మీ అమ్మ దాంతో రొట్టె చేస్తుంది. అదే పిండిని పక్కింటి పిన్ని రవ్వలా నలిపి ఆవిరి మీద ఉడికించి కుస్కుస్ చేస్తుంది. పాలు కూడా అంతే తల్లీ. సరుకు ఒకటే. దాన్ని ఎలా కట్టాలో చెప్పే రాత మాత్రం ప్రతి కణంలో లోపలే ఉంటుంది. అది కన్న అమ్మానాన్నల నుంచి వస్తుంది, తాగిన పాల నుంచి రాదు."

అయినా ఎమ్నా చెయ్యి దించలేదు. ఆవిడ జాలిపడి దాని రక్తం కూడా తీయించింది. ఫలితాలు వచ్చాయి. ఎమ్నాది కలవలేదు. దొర్సాఫ్‌ది అచ్చు గుద్దినట్టు కలిసింది.

వస్సీలా సంతోషం పట్టలేక నేలకి నుదురానించింది. నా కూతురు మాత్రం గస్సాన్ మంచం పక్కన కూలబడి, "అయితే నేను నీ తోబుట్టువుని కానా?" అంది.

"పిచ్చిమొహమా, మూలుగ కోసమే పుట్టావా నువ్వు?" అన్నాడు వాడు ఊపిరి ఎగబీలుస్తూనే. "నువ్వు కాకపోతే నా లెక్కల హోంవర్కు ఎవరు చేస్తారు?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇంక గట్టెక్కినట్టే అనుకున్నాం. అనుకున్న ఆదివారమే అంతా తలకిందులైంది.

ఆదివారం వస్సీలా ఇంట్లో గొర్రె మాంసంతో కుస్కుస్ వండింది. పళ్ళెం చుట్టూ అందరం కూర్చున్నాం. మూలుగ ఎముక ఎప్పుడూ గస్సాన్‌దే. వస్సీలా ఎముకని పళ్ళెం అంచుకేసి టకటకా కొట్టి, జారిన మూలుగని చెంచాతో వాడి నోట్లో పెడుతుంది. "తిను నాన్నా, బలం." దొర్సాఫ్ ప్రతిసారీ "నాకో?" అంటుంది. "నీకేమే, ఉక్కుముక్కలా ఉన్నావు" అంటుంది తల్లి. ఆ రోజు పిల్ల అడగలేదు. తల్లి ఎముకని కొడుతున్నంతసేపూ కన్నార్పకుండా చూసింది. తర్వాత ఉత్త ఎముకని చేతిలోకి తీసుకుని ఒక కన్ను మూసి అందులోంచి చూసింది. అవతల కిటికీ కనపడింది దానికి. ఎముకని నెమ్మదిగా పళ్ళెంలో పెట్టి, లేచి వెళ్ళి మంచం కిందికి దూరింది.

బతిమాలాం. బొమ్మ ఆశపెట్టాం, మిఠాయి ఆశపెట్టాం. లోపలినుంచి ఒకటే మాట: "నేనివ్వను."

నా కోపం సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. నేల మీద బోర్లాపడి మంచం కిందికి తల పెట్టి అరిచాను. "ఇవ్వవా? వాడు చచ్చిపోతే అప్పుడు ఏడుద్దువుగాని కూర్చుని! నీవల్లే పోయాడంటారు అందరూ!"

దొర్సాఫ్ రెండు చెవులూ మూసుకుంది. వస్సీలా నా భుజం పట్టి వెనక్కి లాగింది. అన్న మాట వెనక్కి వస్తుందా? ఆ పిల్ల ఆ తర్వాత నాతో మాట్లాడటమే మానేసింది, నేనెదురైతే గోడకి అంటుకుపోయి నడిచేది.

డాక్టరమ్మకి ఒక పట్టుదల ఉంది. ఎంత చిన్నపిల్లయినా సరే, ఇచ్చేవాళ్ళు తమ నోటితో సరే అనాలి. పెద్దవాళ్ళెవరూ లేకుండా లోపలికి తీసుకెళ్ళి అడుగుతుంది. వద్దంటే ఎవరూ తిట్టకూడదు, బలవంతపెట్టకూడదు. ఆ రోజు మేం బయట వరండాలో నిలబడ్డాం. నేను ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతూనే ఉన్నాను. తలుపు తీసుకుని డాక్టరమ్మ ఒక్కతే వచ్చింది.

"వద్దంది. వచ్చే గురువారం ఇంకొక్కసారి అడుగుతాను. అప్పుడూ వద్దంటే మూలుగ ఎక్కించే గాజుగది వేరే పిల్లాడికి ఇవ్వాల్సి వస్తుంది. మళ్ళీ మీ వంతు ఎప్పటికొస్తుందో చెప్పలేను. ఈలోగా ఇంట్లో ఎవరైనా బెదిరించారని తెలిసిందా, నేను అడగను కూడా అడగను."

ఆ చివరి మాట అంటున్నప్పుడు నావైపే చూసింది. పిల్ల చెప్పేసినట్టుంది.

ఊరూరికీ జనాన్ని ఎక్కించుకుని తిరిగే లువాజ్ బండిలో ఇంటికి బయల్దేరాం. బయట దక్షిణపు వడగాలి దుమ్ము రేపుతోంది. వస్సీలా కిటికీకి తలానించుకుని కళ్ళు మూసుకుంది. దొర్సాఫ్ మా ఇద్దరి మధ్యా కూర్చుని, నన్ను తగలకుండా ఉండాలని ఒళ్ళు ముడుచుకుంది. నేను నాలుక పళ్ళ మధ్య బిగించి పట్టుకున్నాను. అంత కష్టమైన పని నా జన్మలో చేయలేదు. గస్సాన్ అరుపులు చెవుల్లో గింగురుమంటుంటే, ఈ పిల్లని పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది. ఆ వెంటనే, నేనేం మనిషినీ అని నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున గోడ తలుపు కిర్రుమంది. దొర్సాఫ్ గిన్నె పట్టుకుని నిలబడింది. వాళ్ళమ్మ పులిసిన పిండి కోసం పంపింది. మా ఇళ్ళల్లో రొట్టె పొంగాలంటే నిన్నటి పిండి ముద్ద ఒకటి దాచి ఉంచాలి. వస్సీలా ఇంట్లో ఆస్పత్రి గొడవల్లో అది ఎండిపోయింది. పులిసిన పిండి అడిగినవాళ్ళకి లేదనకూడదు, అది మా అత్తగారి నాటి నుంచి ఉన్న కట్టుబాటు.

నేను నిద్రలేక మండిపడుతున్నాను. కుండ మూత తీసి, పిడికెడు ఇవ్వాల్సిన దాన్ని మొత్తం ఊడ్చి దాని గిన్నెలో దబ్బున వేశాను. "ఇదిగో, అంతా పట్టుకెళ్ళు! ఇవ్వడమంటే ఇదీ!"

పిల్ల గిన్నెలోకి చూసింది, తర్వాత మా కుండలోకి తొంగి చూసింది. అడుగున వేలికంటేటంత జిగట మిగిలింది, అంతే. దాని మొహం పాలిపోయింది.

"మీకేం మిగల్లేదు కదా పెద్దమ్మా" అంది. ఆ ఆదివారం తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

నేను నోరు తెరిచేలోపు ఎమ్నా నన్ను పక్కకి నెట్టింది. "మా అమ్మనొదిలెయ్యవే, పొద్దున్నే రాజుకుంది. నువ్విటు రా, చూడు." కుండలో రెండు గుప్పిళ్ళ పిండి వేసింది, గోరువెచ్చని నీళ్ళు పోసింది, అడుగున అంటుకున్న జిగటతో కలిపి పిసికింది, తడిగుడ్డ కప్పింది. "సాయంత్రం దాకా ఆగు."

దొర్సాఫ్‌కి ఆగడం ఎక్కడ వచ్చు! నా పెంపకమే కదా సగం. గిన్నె వాళ్ళమ్మకిచ్చి వెంటనే వెనక్కొచ్చింది. గుడ్డ ఎత్తి చూసింది. వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. ఆ తలుపు ఆ రోజంతా కిర్రుకిర్రుమంటూనే ఉంది. నేనటు, అదిటు, మధ్యలో ఒకరినొకరు గుద్దుకోబోయి ఆగిపోయేవాళ్ళం. సాయంత్రపు అసరు నమాజు పిలుపు వినిపించే వేళకి గుడ్డ గుమ్మటంలా పైకి లేచింది. దొర్సాఫ్ వేలు పెట్టి నొక్కింది. గుంటపడి మెల్లగా మళ్ళీ పూడింది.

"ఎవరు నింపారు?" అంది గుసగుసగా.

"లోపల ఉన్నవాళ్ళే" అంది ఎమ్నా. "రేపు చూపిస్తా పద."

మర్నాడు బడి వదిలాక బెషీర్ మాస్టారు పుస్తకాలు సర్దుకుంటుంటే మేం ముగ్గురం పిండి ముద్దతో దిగాం. ఆయన మంచివాడే గానీ నసుగుడు మనిషి. "ఈ వేళప్పుడా? తాళం ప్రిన్సిపాల్ దగ్గరుంది, ఆయన వెళ్ళిపోతే..." అంటూ మొదలెట్టాడు. నేను నడుమ్మీద చెయ్యి పెట్టుకుని చూశాను. తాళం వచ్చింది.

పిండిని నీళ్ళలో కలిపి ఒక చుక్క గాజు పలక మీద వేశాడు. దొర్సాఫ్ బల్ల మీదికెక్కి కన్నానించింది.

"బుడగలు. బుడగకి చిన్న బుడగ అంటుకుంది."

"ఆ చిన్నది దాని బిడ్డ" అన్నాడు మాస్టారు. "ఒకటి రెండవుతుంది. రెండూ నాలుగు. తిండి దొరికితే చాలు, అలా పెరుగుతూనే ఉంటాయి. మీ పిండిని నింపింది అవే."

"ఇవి నాలో ఉన్నాయా?"

"ఇవి కాదు, నీవి నీకున్నాయి. నోరు తెరువు." అగ్గిపుల్ల వెనకవైపుతో దాని బుగ్గ లోపల మెల్లగా గీకి, పలక మీద రాసి, నీలంరంగు చుక్క వేసి చూపించాడు. "ఇదిగో నువ్వు. ఆ మచ్చ ఉందే మధ్యలో, నిన్ను దొర్సాఫ్‌లా కట్టాలని చెప్పే రాత అందులోనే ఉంది."

దొర్సాఫ్ నాలుకతో బుగ్గంతా వెతుక్కుంది. "బొక్క పడలేదు."

"పడదు. పోయినవాటి చోట కొత్తవి పుడతాయి. ఒంట్లో రోజూ జరిగేది అదే."

అప్పుడడిగింది అసలు మాట. బల్ల మీదనుంచి మాస్టారి మొహంలోకి సూటిగా చూస్తూ అడిగింది. "మరి కుస్కుస్ ఎముకలో మూలుగ తీసేస్తే మళ్ళీ నిండలేదేం? నేను చూశా. అటుపక్క కిటికీ కనబడింది."

నాకప్పుడు అర్థమైంది అది మంచం కిందికి ఎందుకు దూరిందో. నాకు తోచిందల్లా అరవడమే, ఆ ఎముకలో ఏం చూశావే అని ఒక్కరం కూడా అడగలేదు.

మాస్టారు మొదటిసారి నసగలేదు. "ఆ గొర్రె చచ్చిపోయిందమ్మా. చచ్చిన కణాలు దేన్నీ నింపలేవు. నువ్వు బతికున్నావు. నీ దగ్గర తీసేది కూడా మొత్తం కాదు, నిద్రపుచ్చి, నడుము వెనక ఎముకలోంచి కొంచెం. లేచాక నొప్పుంటుంది, అబద్ధం చెప్పను. తీసినంతా కొన్నాళ్ళలో మళ్ళీ నిండిపోతుంది."

దొర్సాఫ్ చెయ్యి నడుము వెనక్కి పోయింది. అక్కడ నొక్కి చూసుకుంది. తిరిగి వస్తూ దారిలో నా చెయ్యి పట్టుకుంది. నాకు పట్టరాని ఏడుపొచ్చింది.

"దొర్సూ, ఆ రోజు నేనన్న మాట తప్పే. నువ్విచ్చినా ఇవ్వకపోయినా ఎవరూ నిన్నేమీ అనరు. అంటే వాళ్ళ సంగతి నేను చూసుకుంటా."

"అన్నీ అన్నకే పెద్దమ్మా" అంది అది నేల చూస్తూ. "మూలుగ అన్నకే. కిటికీ పక్క మంచం అన్నకే. అమ్మ కూడా అన్నకే. ఇప్పుడు నా లోపలుంది కూడా అన్నకే."

ఇంటికెళ్ళి వస్సీలాకి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ పిండి కలుపుతున్నదల్లా చేతులు గిన్నెలోనే ఉంచి అలాగే కూర్చుండిపోయింది.

గురువారం డాక్టరమ్మ మళ్ళీ దాన్ని లోపలికి తీసుకెళ్ళింది. వరండాలో నేను ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగానో, ఊడ్చేవాడు చీపురు పట్టుకుని "ఓ పక్కన నిలబడమ్మా" అని విసుక్కున్నాడు. తలుపు తెరుచుకుంది. ఈసారి దొర్సాఫే ముందొచ్చింది.

"కొంచెం ఇస్తా" అంది. "మొత్తం కాదు. ఎమ్నా అక్క నా పక్కనే ఉండాలి."

నిద్రపుచ్చేదాకా ఎమ్నా దాని చెయ్యి వదల్లేదు. రక్తంలానే ఉన్న ఒక చిన్న సంచి గాజుగదిలో గస్సాన్ పక్కన వేలాడింది. ఇంతకోసమా ఇంత కల్లోలం అనిపించింది నాకు. దొర్సాఫ్ మత్తులోంచి లేచి, పెదాలు తడుపుకుని, మొట్టమొదట నన్నే అడిగింది.

"పొంగిందా?"

"ఇప్పుడేగా గుడ్డ కప్పాం తల్లీ. ఆగాలి."

ఆగడం అంటే ఏమిటో ఆ వారాల్లో తెలిసింది. గాజు అవతల గస్సాన్, పాత మూలుగని చంపే మందులకి జుట్టంతా రాలిపోయి, నోరంతా పుళ్ళై పడున్నాడు. పొద్దున్నే నర్సు మొహం చూసేవాళ్ళం. ఆవిడ తల అడ్డంగా ఊపేది. నేను తిండి నిలబడే తినేదాన్ని. ఒకరోజు వస్సీలా, "నువ్వొక్క క్షణం కూర్చోవే, నీ కాళ్ళు చూస్తే నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అని అరిచింది. నేనూ తిరిగి అరిచాను. తర్వాత ఇద్దరం గోడకి చేరగిలపడి ఏడ్చాం. చివరికొక పొద్దున డాక్టరమ్మ తనే కాగితం పట్టుకుని నవ్వుతూ వచ్చింది. కొత్త కణాలు పుడుతున్నాయి, గుండ్రటివి. దొర్సాఫ్ గాజుకి రెండు చేతులూ ఆనించి, లోపలున్న అన్నకి వినపడదని తెలిసి కూడా, "పొంగింది!" అని ఈలమాటతో గావుకేక పెట్టింది.

గస్సాన్ ఇంటికొచ్చేసరికి పొలాల్లో గోధుమ కోతలు కూడా అయిపోయాయి. వాడు అన్నీ తినొచ్చని డాక్టరమ్మ చెప్పాక వచ్చిన ఆదివారం, వస్సీలా గొర్రె మాంసంతో కుస్కుస్ వండింది. అందరం పళ్ళెం చుట్టూ చేరాం. గస్సాన్ అలవాటుకొద్దీ నోరు తెరిచి కూర్చున్నాడు.

వస్సీలా ఎముకని అంచుకేసి కొట్టింది. జారిన మూలుగని చెంచాలోకి తీసుకుని, చెయ్యి చాపి దొర్సాఫ్ ముందు పెట్టింది.

దొర్సాఫ్ చెంచా వైపు చూసింది. తల్లి వైపు చూసింది. "అంతా నాకేనా?"

"అంతా నీకే."

ఒక్క మెతుకంతైనా ఎవరికీ పెట్టలేదు. గస్సాన్ వైపు చూడనైనా చూడలేదు. మెల్లగా, నాకి నాకి, చెంచా వెనకవైపు కూడా నాకి మొత్తం తినేసింది. అది తినడం అయ్యేదాకా నేను కూర్చున్నచోటనుంచి కదల్లేదు.